ఈ రాత్రికి ఎవరింట్లో ఉంటుంది?

పగ్‌లు, షిట్జూలు, బొచ్చు పొమేరియన్లు, డాషండ్‌లు... ఇలాంటి చిన్న కుక్కల్ని కాపాడి కొత్త ఇళ్లకు చేర్చే పని మీద ఈసారి గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ రాయడం కుదరదు. కొన్నిటికి మాత్రం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ముచ్చటపడి కొన్న షిట్జూ, ఆడది, నాలుగేళ్లుంటాయి. వాడు చదువుకని అమెరికా వెళ్లిపోయాడు. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి బీపీ. దాన్ని దువ్వడం, స్నానం చేయించడం మావల్ల కావట్లేదు. ఒకాయన వచ్చి ‘ఆపరేషన్ చేయించలేదు కదా, అయితే ఐదువేలిచ్చి తీసుకెళ్తాను’ అంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: వద్దమ్మా, ఇవ్వకండి. ‘ఆపరేషన్ చేయించలేదు కదా’ అని ముందే అడిగాడంటే దానిచేత పిల్లల్ని పెట్టించి అమ్ముకోవడానికే అడుగుతున్నాడు. ఇలాంటివాళ్ల దగ్గర ఆడ కుక్క ఎదకొచ్చినప్పుడల్లా చూలు కట్టాల్సిందే, బోనులోనే బతకాల్సిందే, ఇక కనలేదని తేలిన రోజున ఏ హైవే పక్కనో దింపేస్తారు. అలా దింపేసినవాటిని చూడగానే తెలిసిపోతుంది. పొదుగు కిందికి సాగిపోయి ఉంటుంది, చెవుల వెనక బొచ్చు గట్టిగా ఉండకట్టి, ఆ ఉండ కత్తిరిస్తే కింద చర్మం ఎర్రగా చెమ్మగా కనబడుతుంది, గోళ్లు వంకర తిరిగి మెత్తటి అరికాల్లోకి దిగిపోయి ఉంటాయి. కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లోనే రూల్స్ వచ్చాయి. ఆయన్ని ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, మళ్లీ మీ గుమ్మం తొక్కడు.

అసలు మీరు దాన్ని పంపేయాలనే అనుకుంటున్నారా? నెలకో, నెలన్నరకో ఒకసారి బొచ్చు పొట్టిగా కత్తిరింపించేస్తే దువ్వే పని చాలావరకు తప్పుతుంది. ఆ ఖర్చు మీ అబ్బాయిని పంపమనండి, కొన్నది వాడే కదా. వీధిలో ఏ కుర్రాడైనా రోజూ సాయంత్రం కాసేపు తిప్పి తీసుకొస్తే మిగతాది మీరిద్దరూ చూసుకోగలరేమో ఆలోచించండి. ఉన్న ఇంట్లోనే ఉండగలిగితే దానికి అంతకన్నా మేలు లేదు.

కుదరదు, పంపాల్సిందే అంటే మాత్రం ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. దీంతో అమ్ముకునేవాళ్ల ఫోన్లు వాటంతటవే ఆగిపోతాయి. దాని ఆరోగ్యానికీ అది అవసరమే. ఆపరేషన్ లేని ఆడ కుక్కలకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఎద అయిన నెల, రెండు నెలల్లో తెగ నీళ్లు తాగుతూ, తిండి మానేసి, కింద ఏమైనా కారుతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒక్కోసారి ఏమీ కారకుండానే ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత ఇల్లు వెతకండి. ‘చాలా మంచిది, ఎవరినీ ఏమీ అనదు’ అని రాస్తే ఫోన్లు ఆగవు. ‘మెట్లు ఎక్కదు, ఒంటరిగా వదిలితే అరుస్తుంది, చిన్నపిల్లలు తోక లాగితే గుర్రుమంటుంది’ అని ఉన్నదున్నట్టు రాస్తే నాలుగో ఐదో వస్తాయి, మనకు కావాల్సింది ఆ నాలుగే. వాళ్లలో నచ్చినవాళ్ల ఇంటికి ఎవరైనా వెళ్లి చూసి రావాలి, వీడియో కాల్‌లో హాలు, సోఫా తప్ప ఇంకేం కనబడవు. గేటు ఊచల మధ్య సందు ఎంతుంది? (షిట్జూ తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే.) పెరటి వెనక పంట కాలువ ఉంటే గోడ ఉందా? పగలు ఇంట్లో ఎవరుంటారు? అద్దె ఇల్లైతే ఓనరు ఒప్పుకున్నారా? సంక్రాంతికి అత్తవారింటికి వెళ్తే కుక్కను ఎక్కడ ఉంచుతారు? ఈ ఆఖరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు సాధారణంగా మంచి ఇంటివాళ్లే అవుతారని నా నమ్మకం. అన్నీ కుదిరాక ‘ఎప్పుడైనా వద్దనుకుంటే వేరే ఎవరికీ ఇవ్వకుండా తిరిగి మాకే అప్పగిస్తాం’ అని కాగితం రాయించుకుని, వ్యాక్సిన్ కార్డు, అది పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇచ్చి పంపండి. వాసన తెలిసినదొకటి పక్కన ఉంటే మొదటి రాత్రి కొంచెం తేలిగ్గా గడుస్తుంది.

ప్రశ్న: మేం కాలేజీ కుర్రాళ్లం. అమలాపురం చుట్టుపక్కల కుక్కల కోసం వాట్సాప్ గ్రూప్ పెట్టాం. ఫొటోలు పెట్టేవాళ్లు బోలెడంతమంది, ‘అయ్యో పాపం’ అనేవాళ్లు ఇంకా ఎక్కువ, బండి తీసేది మాత్రం మేం ఇద్దరమే. ఈ మధ్య డబ్బుల దగ్గర కూడా మాటామాటా వచ్చింది. గ్రూప్ మూసేద్దామా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మూసేయొద్దు తమ్ముడూ, రెండు చేయండి. ఫొటోలకి, అభిప్రాయాలకి పెద్ద గ్రూప్ అలాగే ఉండనివ్వండి. పని చేసేవాళ్లది మాత్రం వేరే చిన్న గ్రూప్, అందులో బండి ఉన్నవాళ్లు, ఇంట్లో చోటు ఉన్నవాళ్లు, లెక్క రాసేవాళ్లు, ఆసుపత్రితో మాట్లాడేవాళ్లు తప్ప ఇంకెవరూ వద్దు.

ఫొటో రాగానే అందరూ ‘ఎవరు వెళ్తున్నారు?’ అని అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది ‘ఈ రాత్రికి ఎవరింట్లో ఉంటుంది?’ అని. పట్టుకొచ్చాక చోటు లేకపోతే అది ఎవరో ఒకరి హాస్టల్ గదిలోనో, బాత్రూంలోనో పడుంటుంది, మర్నాడు గోల. చోటు లేనప్పుడు ఫోన్ చేసినవాళ్లనే బతిమాలండి. వరండాలో నీడన కట్టి, గిన్నెలో నీళ్లు పెట్టి, రేపటిదాకా చూసుకుంటే చాలు అనండి, చాలామంది ఒప్పుకుంటారు. ఏ దారీ లేకపోతే ‘మా దగ్గర ఇప్పుడు చోటు లేదండి’ అని చెప్పడానికి సిగ్గుపడొద్దు, ఉన్నవాటికి తిండీ మందూ సరిగ్గా అందాలి కదా.

వీధి కుక్క ఫొటో వస్తే మాత్రం లెక్క వేరు. వాటికి ఆపరేషన్, రేబిస్ వ్యాక్సిన్ చేయించి తిరిగి వాటి చోటుకే చేర్చాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పుట్టి పెరిగిన వీధిలో వాటికి తిండి, నీడ ఎక్కడున్నాయో తెలుసు. ఇంట్లో పెరిగిన పగ్‌ను, షిట్జూను రోడ్డు మీద వదిలితే దానికి ఆ తెలివిడి ఉండదు, వీధి కుక్కలు దగ్గరికి రానివ్వవు, లారీ హారన్ కొడితే ఎటు పరిగెత్తాలో తెలియదు. అందుకే వీటి విషయంలో తొందర అవసరం.

కొత్తగా వచ్చిన కుక్కను రెండు వారాలపాటు మిగతా కుక్కలతో కలపకండి. పార్వో (కుక్కలకు వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే అంటువ్యాధి) సోకినా బయటపడటానికి అంత సమయం పట్టొచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి వాంతి, విరేచనం పడిన గచ్చును ముందు కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు చూడండి. పిడుదులుండి, జ్వరంగా ఉండి, చిగుళ్లు పాలిపోయి ఉంటే టిక్ ఫీవర్ కావచ్చు, రక్త పరీక్ష చేయించండి.

చేతులు మార్చేటప్పుడు జారిపోయే కుక్కలే ఎక్కువ. రాజోలు నుంచి ఒకరు తెస్తారు, రావులపాలెంలో ఇంకొకరు అందుకుని రాజమండ్రి చేరుస్తారు, ఆ సెంటర్లో కారు తలుపు తీసిన క్షణంలో బెల్టులోంచి తల వెనక్కి లాక్కుని పోతుంది. చిన్న కుక్కల మెడ, తల దాదాపు ఒకే లావు ఉంటాయి, బెల్టు ఒక్కటీ ఆపలేదు. ఛాతీకి కట్టే హార్నెస్ ఒకటి, మెడకు బెల్టు ఒకటి, రెండిటికీ వేరువేరు తాళ్లు కట్టండి. అప్పగింత కారు తలుపులు వేసి లోపలే జరగాలి. హైదరాబాద్ నుంచి ఎవరైనా తీసుకుంటామంటే ‘గౌతమి ఎక్కించేద్దాం’ అనుకోకండి. స్లీపరులోకి, త్రీ టైర్ ఏసీలోకి కుక్కల్ని రానివ్వరు, పార్సిల్ ఆఫీసులో బుక్ చేస్తే గార్డు పెట్టెలో ఒంటరిగా వెళ్లాలి. బెదిరి ఉన్నదాన్ని అలా పంపకండి, ఆ ఇంటివాళ్లనే కారులో రమ్మనండి. అంత దూరం రాలేమన్నవాళ్లకు ఇవ్వకపోయినా నష్టం లేదు.

డబ్బు సంగతి. ఎవరి సొంత ఫోన్‌పేకీ చందాలు అడగొద్దు. బిల్లు ఫొటో పెట్టి, ఆసుపత్రి క్యూఆర్ కోడ్‌కే నేరుగా కట్టమనండి. ఏ కుక్క ఎక్కడ దొరికింది, ఇప్పుడు ఎవరింట్లో ఉంది, తర్వాతి వ్యాక్సిన్ ఎప్పుడు, ఏ ఖర్చు ఎవరు పెట్టారు, ఇవన్నీ ఒక్క పుస్తకంలో రాసి అందరికీ చూపిస్తుంటే మాటలు రావు. ఫోన్ ఎత్తే డ్యూటీ వారానికొకరు తీసుకోండి, పరీక్షలున్నవాళ్లను ఆ వారం వదిలేయండి.

ప్రశ్న: మాది గోదావరి మధ్యలో లంక ఊరు. వరదొచ్చి పునరావాస కేంద్రానికి వెళ్లాల్సొస్తే మా డాషండ్‌ను ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పి.గన్నవరం దగ్గర

జవాబు: పడవ వచ్చే దాకా ఆగకండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకు రెండోది. మొదటిది వినగానే దాన్ని గట్టు ఇవతల ఉన్న బంధువులింటికి పంపేయండి. ఆ బంధువుతో జూన్‌లోనే మాట్లాడి ఉంచుకోండి, వరద రోజున ఫోన్లు కలవవు. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986లో ఇంకా ఘోరం, మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. తీసుకెళ్లే వీలు అసలే లేకపోతే కనీసం గొలుసు విప్పండి, కట్టేసి మాత్రం వెళ్లకండి. డాషండ్ కాళ్లు పొట్టివి, మనకు మోకాలి లోతు నీళ్లంటే దానికి మునిగిపోయే లోతు. బెల్టు మీద చెరగని ఇంకుతో ఫోన్ నంబరు రాయండి.

ఎలుకల మూత్రం కలిసిన వరద నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ అంటుతుంది. అది రాకుండా కుక్కకు వేసే వ్యాక్సిన్ ఉంది, మొదటిసారైతే కొన్ని వారాల తేడాతో రెండు డోసులు పడాలి కాబట్టి వేసవిలోనే వేయించండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: మా వీధిలోకి ఓ పగ్ వచ్చింది, మెడలో బెల్టు ఉంది. మేమే ఉంచేసుకోవచ్చా? ఎండకి తెగ రొప్పుతోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు రొప్పడం సంగతి చూడండి. పగ్ ముక్కు చప్పిడి, మన మే నెల ఉక్కపోతలో ఆ రొప్పు ప్రాణం తీస్తుంది. నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ కింద పెట్టండి. నాలుక ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా, తూలుతున్నా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. యజమానిని కనిపెట్టేందుకు చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉందేమో అక్కడే చూడమనండి. ఇక ఉంచుకునే మాట: యజమాని వెతుకుతూ ఉండొచ్చు కదా. ఫొటో వేసి ప్రకటన పెట్టండి, కానీ బెల్టు రంగు, మచ్చలు అందులో చెప్పకుండా దాచుకోండి, అడిగొచ్చినవాళ్లను వాళ్ల నోటితోనే చెప్పమనండి. పాత ఫొటోలు, వ్యాక్సిన్ కార్డు చూపించమనండి. కొన్ని వారాలు చూసినా ఎవరూ రాకపోతే సంతోషంగా పెంచుకోండి.

ప్రశ్న: వారం కింద దత్తత తెచ్చుకున్న పొమేరియన్ మంచం కిందనుంచి రాదు. లాగితే మా పాప చెయ్యి కొరికింది. తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పాప సంగతి ముందు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు చెప్పిన వ్యాక్సిన్ డోసులన్నీ పూర్తి చేయించండి. కుక్కకు కార్డు ఉందని ఇది మానొద్దు.

కుక్క విషయానికొస్తే, వారం అంటే దానికి ఇంకా అది పరాయి ఇల్లే. మంచం కింద దాక్కున్నదాన్ని లాగితే ఏ కుక్కైనా కొరుకుతుంది. గిన్నె మంచానికి కాస్త దూరంలో పెట్టి మీ పని మీరు చేసుకోండి, దాని వైపు చూడకండి కూడా. పాపను ఆ గదిలోకి పెద్దవాళ్లు లేకుండా పంపొద్దు. ఇలా రెండు మూడు వారాలు ఆగి చూడండి. అప్పటికీ భయం వేస్తుంటే ఇచ్చినవాళ్లకే తిరిగివ్వండి, అందులో తప్పేం లేదు, కొరికిన విషయం దాచకుండా చెప్పండి.

ప్రశ్న: కారులోంచి కుక్కను దింపి పోతే కేసు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పెట్టొచ్చు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, ఆ అంకె చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా బండి నంబరు, టైము రాసుకుని ఫిర్యాదు ఇవ్వండి, స్టేషన్‌కు పిలిస్తే రెండోసారి ఆలోచిస్తారు.

ప్రశ్న: రిటైరైన టీచర్ని, ఒక్కదాన్నే ఉంటాను. ఈ వయసులో కుక్కను జీవితాంతం పెంచుతానని మాటివ్వలేను. రెండు మూడు వారాలు ఉంచుకుంటే ఎవరికైనా పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: టీచరుగారూ, అందరికీ కావాల్సింది అదేనండి. దత్తతకు ఇళ్లు దొరుకుతాయి, అవి కుదిరేదాకా ఉంచుకునే ఇల్లే దొరకదు. మీ షరతులు ముందే చెప్పేయండి: పిల్ల వద్దు, ఐదేళ్లు దాటిన నెమ్మది కుక్కే కావాలి, తిండి, మందుల ఖర్చు గ్రూప్‌దే, ఫలానా తేదీకి తీసుకెళ్లాలి, నాకు ఒంట్లో బాగోకపోతే అదే రోజు ఇంకొకరు రావాలి. రాత్రిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా దాని మెడకు చిన్న గజ్జె కట్టండి. కోనసీమ నుంచి రాజమండ్రి వెళ్లే కుక్కలు మీ ఊరి మీదుగానే వెళ్తాయి. అమలాపురం కుర్రాళ్లకు మీ ఫోన్ నంబరు ఇవ్వమంటారా? సరేనంటే మాకు ఓ కార్డు ముక్క రాయండి.