ఈ రోజులు మళ్లీ రావంటే భయమేస్తోంది

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పాపకి ఐదో నెల. పురిటికి రాజమండ్రిలో పుట్టింటికి వచ్చాను. వచ్చే నెల హైదరాబాద్ వెళ్లి ఉద్యోగంలో చేరాలి. చూడ్డానికి ఎవరొచ్చినా ‘ఈ రోజులు మళ్లీ రావమ్మా’ అంటున్నారు. ఆ మాట వింటేనే టెన్షన్. పాప మొదటిసారి బోర్లా పడినప్పుడు నేను నిద్రపోతున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. నాకేమో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ, దగ్గరుండి చాకిరీ చేసే అమ్మ. అయినా ఆవిడ మీదే విసుక్కుంటున్నాను. నాకు కృతజ్ఞత లేదా?
- ఒక సోదరి

జవాబు: ఉందమ్మా. లేనిదల్లా నిద్రే.

మళ్లీ రావనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయి చాలా కాలమైంది. రాత్రి రెండింటికి పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, పడుకోబెట్టీ పెట్టగానే మళ్లీ ఏడుపందుకుంటే తల పట్టుకున్న సంగతి వాళ్లకిప్పుడు గుర్తుండదు. బోసినవ్వులే గుర్తుంటాయి. ముప్పై ఏళ్ల తర్వాత పడాల్సిన బెంగను మీరు బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇప్పుడే పడుతున్నారు.

మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. తల్లి కళ్లారా చూసిందా అని ఎవరూ అడగరు. అమ్మమ్మ చూసినా, పక్కింటి పిల్ల చూసినా పండగ ఇంటిల్లిపాదిదీ. ఉద్యోగంలో చేరాక ఇలాంటివి ఇంకొన్ని తప్పిపోతాయి. చూసినవాళ్లను కూర్చోబెట్టి, అప్పుడు మొహం ఎలా పెట్టిందో చెప్పించుకోండి. ఎలాగూ ఒకసారి బోర్లా పడ్డం వచ్చిన పిల్ల డైపర్ కూడా మార్చనివ్వకుండా తిరుగుతూనే ఉంటుంది!

పిల్లలు లేనివాళ్లను తలచుకుని మీ అలసటను మింగేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అమ్మ సంగతి వేరు. రోజూ ఆవిడ కాళ్లు బారజాపి, పాపను వాటి మీద వేసుకుని, నూనె రాసి నీళ్లు పోస్తున్నారు కదా. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తున్నారేమో చూడండి. ‘థాంక్స్ అమ్మా’ అంటే మన అమ్మలకు అదోలా ఉంటుంది. ‘ఇవాళ నేను పోస్తాను, ఎలాగో చెప్పు’ అనండి. వచ్చే నెల మీకూ అవసరమే.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కాన్పయిన మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. మీకు ఐదో నెల. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చెప్పండి. అది జబ్బు, నయమవుతుంది. పాలిస్తూ వాడుకోగలిగే మందులూ ఉన్నాయి. చచ్చిపోవాలనో, పాపను ఏదైనా చేయాలనో అనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డబ్బులు అక్కర్లేదు.

ఇంత రాసినా మీవారి ప్రస్తావన ఎక్కడా లేదు. ఆయన్ని ఇప్పుడే ఓ వారం సెలవు పెట్టి రమ్మనండి. నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం అత్తగారి దగ్గరే నేర్చుకుంటారు.

ఇక ఆఫీసు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ సౌకర్యం ఉండాలని, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలని చట్టం చెబుతోంది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలూ ఇవ్వాలి. చేరకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి అడగండి. కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేయొచ్చేమో కూడా కనుక్కోండి. వీలైతే సోమవారం కాకుండా గురువారం చేరండి. రెండు రోజులు వెళ్లేసరికి శనివారం వచ్చేస్తుంది.