పనిముట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు
గ్యాస్ నెయిల్ గన్‌ను విప్పే ముందు

ప్రశ్న: మాది టెక్కలి. ఇళ్లకు, దుకాణాలకు ఫాల్స్ సీలింగ్ పనులు చేస్తుంటాను. శ్లాబుకు పిన్నులు కొట్టడానికి కిందటేడు గ్యాసుతో పనిచేసే నెయిల్ గన్ కొన్నాను. ఈమధ్య ట్రిగ్గర్ నొక్కినా ఒక్కోసారి పేలడం లేదు. పేలినా పిన్ను సగమే దిగుతోంది. లోపల మసి పట్టి ఉంటుందని, విప్పి పెట్రోలుతో కడిగి గ్రీజు పూస్తే చాలని తోటి పనివారు అంటున్నారు. అలా చేయవచ్చా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: మసి పట్టి ఉంటుందన్న అనుమానం సరైనదే కావచ్చు గానీ, పెట్రోలు, గ్రీజు రెండూ వద్దు. ముందు మసి ఎందుకు పడుతుందో చూద్దాం. గన్ ముక్కును శ్లాబుకు గట్టిగా ఆనించగానే లోపలి గది మూసుకుంటుంది, గన్‌లో పెట్టే చిన్న గ్యాసు డబ్బా (క్యాను) నుంచి కొలత ప్రకారం కొద్దిపాటి గ్యాసు అందులోకి వస్తుంది, బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను దానిని గాలితో కలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టించి ఆ మిశ్రమాన్ని మండిస్తుంది, ఆ పేలుడు పిస్టన్‌ను తోసి పిన్నును దిగగొడుతుంది. ఇలాంటి క్యానుల గ్యాసులో సాధారణంగా కందెన నూనె కూడా కలిపి ఉంటుంది. అది కాలినప్పుడల్లా గది గోడల మీద, ఫ్యాను రెక్కల మీద నల్లటి జిగురు కొద్దికొద్దిగా పేరుకుంటుంది. పైకి చూస్తూ శ్లాబుకు కొట్టే మీ పనిలో రాలిన సిమెంటు దుమ్మంతా గన్ మీదనే పడుతుంది కాబట్టి ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. గాలి చాలక గ్యాసు సరిగా మండదు, సరిగా మండకపోతే మసి మరింత పెరుగుతుంది. నెయిల్ గన్ బలం తగ్గిందని షాపుకు తీసుకువెళ్లే ముందు ఫిల్టర్‌ను చూడమని చెప్పేది ఇందుకే.

గన్ మీద చేయి వేసే ముందు బ్యాటరీ, గ్యాస్ క్యాను, పిన్నులు మూడింటినీ బయటికి తీయాలి. ఒకటి తీసి రెండు ఉంచేయడం పనివారిలో చాలామందికి ఉన్న అలవాటు, ప్రమాదాలకు దారి ఇచ్చేది కూడా అదే. పిన్నులు తీసిన తరువాత కూడా ముక్కు దగ్గర ఒకటి మిగిలి ఉండవచ్చు. అక్కడ కంటితో చూసి నిర్ధారించుకోండి. పని చేసి వచ్చిన వెంటనే గన్ వేడిగా ఉంటుంది గనుక చల్లారనిచ్చి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, గాలి బాగా ఆడే చోట, పొయ్యికి, బీడీలకు దూరంగా కూర్చోండి.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. పైగా అది గ్యాసు బయటికి పోకుండా ఆపే గుండ్రటి రబ్బరు ఓ-రింగులను ఉబ్బేలా చేసి పాడు చేస్తుంది. గ్రీజు దుమ్మును పట్టి ఉంచుతుంది, కాలితే మళ్లీ మసే అవుతుంది. తలుపు బందుల కిర్రు పోవడానికి కొట్టే స్ప్రే నూనెలతోనూ ఇదే ఇబ్బంది. మీ గన్‌కు కంపెనీ సూచించిన క్లీనర్‌నే వాడండి.

ఫిల్టర్‌ను తీసి దుమ్ము దులిపి, సబ్బు నీటిలో కడగదగినదైతే కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తరువాత కంపెనీ పుస్తకంలో చూపినంత వరకే, ఆరు పలకల అలెన్ కీతో పై మూత స్క్రూలు విప్పండి. గది గోడలు, ఫ్యాను, స్పార్క్ ప్లగ్ మీద క్లీనర్ కొట్టి, మసి మెత్తబడ్డాక గుడ్డతో, నైలాను బ్రష్షుతో తుడవండి. బ్లేడుతో గీకితే గోడకు గీతలు పడి ఒత్తిడి బయటికి పోతుంది. ఓ-రింగు చీలినా, గట్టిపడినా మార్చేయాలి. అంతకన్నా లోపలికి, అంటే పిస్టన్ విప్పే దాకా, ఇంట్లో వెళ్లకపోవడమే నయం.

ఇక ఆరబెట్టడం. చాలా క్లీనర్లు త్వరగా మండే రకాలే. వాటి ఆవిరి గన్ లోపలి గదిలో ఉండగానే బ్యాటరీ పెట్టి చూస్తే స్పార్క్ ప్లగ్ దానిని అంటించవచ్చు. తడి, వాసన పూర్తిగా పోయేదాకా తెరిచి ఉంచండి. తొందరపడి హెయిర్ డ్రయర్ వంటివి పట్టకండి. ఆరిన తరువాత ఓ-రింగుల మీద కంపెనీ నూనె కొద్ది చుక్కలు వేసి బిగించండి. బ్యాటరీ, క్యాను పెట్టకముందే ముక్కును ఒక చెక్కకు ఆనించి నొక్కి వదలండి. అది తిరిగి పూర్తిగా వెనక్కి రావాలి. ఇరుక్కుంటే ఆ గన్‌ను పనిలోకి తీసుకోవద్దు.

కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం దగ్గర పని దొరికితే సాయంత్రం ఇంటికి రాగానే బ్యాటరీ టెర్మినళ్లను పొడి గుడ్డతో తుడిచి ఉంచండి; ఉప్పు గాలి తగిలిన లోహం త్వరగా చిలుము పడుతుంది. గ్యాస్ క్యాను మీద గడువు తేదీ ఉంటుంది. దాటిన క్యానుతో గన్ తడబడితే, తప్పు గన్‌ది కాదు. క్యానును 50 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఉంచకూడదు. మే నెల ఎండలో మూసి ఉంచిన ఆటో, వ్యాను ఆ హద్దును సులభంగా దాటుతాయి. విశాఖపట్నం నుంచి క్యానులు తెచ్చుకోవాలనుకుంటే రైలు పెట్టెలో పెట్టుకుని రావద్దు. మండే, పేలే వస్తువులను అనుమతి లేకుండా రైలులో తేవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: గన్ క్యాను అయిపోయాక దానిలోకి వంట గ్యాసు ఎక్కించి ఇచ్చేవారున్నారు, ఖర్చు బాగా తగ్గుతుంది. పనికొస్తుందా? (రాజాం పాఠకుడు)

జవాబు: పనికిరాదు. ఆ క్యాను మళ్లీ నింపడానికి తయారైనది కాదు. వంట గ్యాసు సిలిండరులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. దాని ఒత్తిడిని మందపాటి ఉక్కు సిలిండరు తట్టుకుంటుంది, పలుచటి క్యాను తట్టుకుంటుందన్న హామీ లేదు. వంట గ్యాసులో కందెన నూనె కూడా ఉండదు కనుక గన్ లోపలి భాగాలు అరిగిపోతాయి. ఇంటి సిలిండరు నుంచి గ్యాసు మరో దానిలోకి మార్చడం చట్టవిరుద్ధం; ఆ మార్పిడి జరిగే గదిలో లీకైన గ్యాసు అంటుకోవడానికి ఒక్క స్విచ్చు నొక్కినా చాలు. ఖాళీ క్యానులో కూడా కొంత ఒత్తిడి మిగిలే ఉంటుంది. దానిని పొడవకుండా, మంటలో వేయకుండా, అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వగలరేమో అడగండి.