సీఐఎఫ్ రేటు చూసి బంగారం కుదువ పెట్టకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ, చిన్న రైస్ మిల్లు. దుబాయ్ వ్యాపారి ఒకాయన నాలుగు కంటైనర్లు, అంటే 100 టన్నుల బియ్యం అడిగారు. టన్నుకు 450 డాలర్లు, సీఐఎఫ్ జెబెల్ అలీ (దుబాయ్ రేవు). 20 శాతం అడ్వాన్సు, మిగతాది సరుకు చేరాక. నాకు 2 లక్షలు మిగులుతుంది. 12 లక్షల ఎఫ్‌డీ తీసేసి, ఇంట్లో బంగారం కుదువ పెట్టి చేద్దామనుకుంటున్నాను. సరుకు రవాణా చూసే ఫార్వర్డర్ చెప్పే ఎఫ్‌ఓబీ, బీఎల్, డెమరేజ్ అంటే ఏమిటి?

జవాబు: ముందు బంగారం జోలికి పోకండి. డాలరు 88 రూపాయలనుకుంటే మీ ఇన్వాయిస్ 39.6 లక్షలు. అడ్వాన్సు పోను 31.68 లక్షలు ఆయన మాట మీదే ఉంటాయి, 2 లక్షల లాభం కోసం.

సీఐఎఫ్ అంటే సరుకు ధరలోనే ఓడ కిరాయి, బీమా కలిపి చెప్పడం. దుబాయ్ చేరేదాకా పూచీ కూడా మనదే అనుకుంటారు చాలామంది. కాదు. మన రేవులో సరుకు ఓడెక్కగానే నష్టభయం కొన్నవారిది, ఖర్చు మాత్రం అవతలి రేవు దాకా మీది. బీమా ఇన్వాయిస్ విలువకు 110 శాతం ఉండాలి. నియమం అడిగేది కనీస కవరే, క్లాజ్ సీ. ఓడ మునిగినా, తగలబడినా అది పనికొస్తుంది గానీ, కంటైనర్‌లో చెమట పట్టి బస్తాలు తడిస్తే పైసా రాదు. బియ్యానికి ఎక్కువగా వచ్చే తిప్పలు అదే. దాదాపు అన్ని రకాల నష్టాలకూ వర్తించే క్లాజ్ ఏ తీసుకోండి. అయితే మీ బియ్యంలోనే తేమ ఎక్కువని తేలితే అదీ ఆదుకోదు. 14 శాతం దాటకుండా చూసుకుని, లోపలి గోడలకు క్రాఫ్ట్ కాగితం పరిచి, తేమ పీల్చే సంచులు వేలాడదీయించండి.

ఎఫ్‌ఓబీలో ఓడెక్కించేదాకా మీ బాధ్యత, కిరాయి, బీమా ఆయనవి. మీరు కంటైనర్‌ను హైదరాబాద్ సనత్‌నగర్ కంటైనర్ డిపోలో అప్పగిస్తే అది రైలెక్కి, రేవు చేరి, ఓడెక్కేసరికి రోజులు పడుతుంది. ఆ రోజుల పూచీ మీ నెత్తిన ఎందుకు? ఎఫ్‌సీఏ సనత్‌నగర్ అని రాయించుకోండి. డిపోలో అప్పగించడంతో మీ పూచీ తీరుతుంది. బ్యాంకు మాత్రం ‘ఓడెక్కింది’ అని రాసిన బీఎల్ (సరుకు రసీదు, కింద చెప్తాను) అడుగుతుంది. అలాంటిది ఇమ్మని షిప్పింగ్ లైన్‌కు కొన్నవారే చెప్పాలన్న షరతు చేర్చండి, సీఐఎఫ్, ఎఫ్‌ఓబీ లాంటి మాటలకు అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలు, 2020 ఇన్‌కోటర్మ్స్‌లో ఆ వీలుంది.

బీఎల్, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ముట్టిందన్న రసీదు, దాని మీద హక్కు పత్రం కూడా. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఒక్కటి చూపినా అక్కడ సరుకు వదిలేస్తారు. డబ్బు పడకముందు ఒక్కటి కూడా కొరియర్ చేయకండి, ఒరిజినల్ చూపకుండానే సరుకు వదిలే టెలెక్స్ రిలీజ్‌కూ ఒప్పుకోకండి. ‘సరుకు చేరాక’ బదులు ఎట్ సైట్ ఎల్‌సీ అడగండి, అంటే కాగితాలు సరిగా ఉంటే చూపగానే డబ్బిస్తానని ఆయన బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. ఎల్‌సీలో వేరే గడువు లేకుంటే ఓడెక్కిన 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకుకు చేరాలి. బస్తాల సంఖ్య ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉన్నా బ్యాంకు వంక పెట్టి ఆపేస్తుంది.

ఇక డెమరేజ్. ఉచిత రోజులు దాటినా కంటైనర్ రేవులోనే ఉంటే పడే రోజువారీ జరిమానా. రేవు బయటికి తీసుకెళ్లి ఖాళీ కంటైనర్ ఆలస్యంగా తిరిగిస్తే డిటెన్షన్. మార్కెట్ పడిపోయి ఆయన సరుకు విడిపించుకోలేదనుకోండి. కంటైనర్‌కు రోజుకు 80 డాలర్లనుకున్నా, నాలుగింటికి పది రోజులకు 3,200 డాలర్లు, 2.8 లక్షల పైమాటే. మీ లాభం మొత్తం పోగా ఇంకా చేతి డబ్బు పడుతుంది. బీఎల్‌లో షిప్పర్‌గా, అంటే పంపినవారిగా, ఉన్నది మీ పేరు కాబట్టి లైన్ మీ వెంటే పడుతుంది.

నా మాట వింటే మొదట ఒక్క కంటైనరే పంపండి. ఎల్‌సీ చేతికొచ్చాక దాన్ని చూపి బ్యాంకులో ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతికి ముందు సరుకు కోసం ఇచ్చే అప్పు) అడగండి, ఎఫ్‌డీని తీయకుండా హామీగా పెట్టొచ్చు. ఎల్‌సీకి ఆయన ఒప్పుకోకపోతే ఈసీజీసీ పాలసీ (కొన్నవారు డబ్బివ్వకపోతే ఆదుకునే ప్రభుత్వ సంస్థ బీమా) లేకుండా అడుగు వేయొద్దు. కాంట్రాక్టులో ఇంకో షరతు: ప్రభుత్వం ఎగుమతి ఆపితే ఎవరికీ జరిమానా ఉండకూడదు. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యానికి అలాగే ఆపేశారు, మళ్లీ తెరిచింది 2024 సెప్టెంబర్ ఆఖర్లో.