శిలాజాలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? పలకలు చీల్చిన మా నాన్నతో చేసిన ప్రయాణాలు

"ప్రపంచంలో పేరున్న శిలాజ ప్రదేశాలకు మీలో ఎవరైనా వెళ్లారా? మనలాంటి మామూలు వాళ్లకు అక్కడ చూడటానికి ఏమైనా ఉంటుందా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. వెళ్లాను. కొన్నిచోట్ల చూడటమే కాదు, సుత్తి, ఉలి చేతికిచ్చి కొట్టుకోమంటారు కూడా.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, మార్కాపురం దగ్గర పల్లె. నా వయసు వాళ్లకు మార్కాపురం అంటే పలకే. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా ఒక పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే పని చేశాడు. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి గిరాకీ పడిపోయాక మానేశాడు. ఉద్యోగం మీద నేను రెండేళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం ఆయన్ను నెల రోజులకు రప్పించుకున్నాను. చర్చిలు, కోటలు నాలుగు రోజుల్లోనే బోరు కొట్టాయి. "ఇంకేముందిరా చూడటానికి?" అన్నాడు. రాళ్లు చూపిస్తానన్నాను.

నురెంబెర్గ్ దాటి ఇంకా దక్షిణానికి వెళ్తే ఐష్టెట్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ప్రాంతపు సున్నపురాయిని జోల్న్‌హోఫెన్ రాయి అంటారు. వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు. పక్షి రెక్కలు, బల్లి పళ్లు రెండూ ఉన్న ఆర్కియోప్టెరిక్స్ 1861లో బయటపడింది ఈ రాళ్లలోనే. అంతకు ముందే, 1796లో, అలోయిస్ సెనెఫెల్డర్ లిథోగ్రఫీ అనే రాతి అచ్చు కనిపెట్టిందీ ఈ రాతి మీదే. అంత నున్నగా, అంత సన్నని రేణువులతో ఉంటుంది. ఊరి బయట బ్లూమెన్‌బెర్గ్ దగ్గర సందర్శకుల కోసం ఒక క్వారీ ఉంది. కాస్త రుసుము కట్టి, పనిముట్లు అద్దెకు తీసుకుని, ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. దొరికిన మామూలు శిలాజాలు ఇంటికి తెచ్చుకోవచ్చు.

నేను అందరిలాగే పెద్ద బండ ఒకటి తీసుకుని నడిమధ్యన ఠపీమని కొట్టాను. నాలుగు ముక్కలైంది. నాన్న నా వైపు చూసిన చూపు, చిన్నప్పుడు కొత్త పలక పగలగొట్టుకుని ఇంటికొచ్చినప్పటి చూపే. ఆయన బండను అంచు మీద నిలబెట్టాడు. సుత్తి కొసతో అంచంతా మెల్లగా తట్టుకుంటూ పోయాడు, చెవి దగ్గరగా పెట్టి. ఒకచోట చప్పుడు మారింది. అక్కడ ఉలి ఆనించి, గోరు మీద కొట్టినంత మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. బండ పుస్తకం తెరిచినట్టు రెండు రేకులైంది. ఆ రేకును మళ్లీ రెండు చేశాడు. అరగంటకు చుట్టూ ఏడెనిమిది మంది జర్మన్ పిల్లలు చేరి, వాళ్ల బండలు తెచ్చి ఆయన ముందు పెట్టడం మొదలుపెట్టారు. భాష రాదు, అయినా పని ఆగలేదు.

మొదట దొరికిన దాన్ని చూసి ఇద్దరం ఎగిరి గంతేశాం. తెల్లటి రాతి మీద నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, అచ్చం నాచు మొక్క. అక్కడి మనిషి చూసి నవ్వి, మొక్క కాదు, మాంగనీసు అన్నాడు. రాతి పగుళ్లలోకి ఇంకిన నీళ్లలోని మాంగనీసు, ఇనుము అలా చెట్టు ఆకారంలో పేరుకుంటాయట. వాటిని డెండ్రైట్లు అంటారు. నాన్న ఊరుకోలేదు. "ఇలాంటివి మన దగ్గర గచ్చు బండల మీద బోలెడు చూశాను కదా" అన్నాడు. నిజమే, మన నాపరాళ్ల మీదా కనిపిస్తాయి. "కోట్ల ఏళ్ల నాటి ఆకు" అని ఎవరైనా మీకు అలాంటి రాయి అమ్మజూపితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

రెండో గంటలో అసలుది దొరికింది. రూపాయి బిళ్లకన్నా చిన్నది, చేతులు ముడుచుకున్న సాలీడులా ఉంది. సాక్కోకోమా అనే సముద్ర జీవి, నక్షత్ర చేపల చుట్టం. అక్కడ ఎక్కువగా దొరికేది అదే, దానికి విలువేం లేదు. అయినా నాన్న దాన్ని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు: "ముప్పై ఏళ్లు పలకరాయి చీల్చాను, ఒక్క చేపైనా రాలేదే. ఏంది కారణం?"

నాకు అప్పటికి తెలీదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. రెండు కారణాలున్నాయి. మార్కాపురం రాయి వయసు 100 కోట్ల ఏళ్లకు పైమాటే. అది బురదగా పేరుకున్న నాటికి చేప లేదు, చెట్టు లేదు, ఉన్నవి దాదాపు అన్నీ కంటికి కనిపించని సూక్ష్మజీవులే. రెండోది, పలకరాయి చీలే పొర బురద పేరుకున్న పొర కాదు. భూమి లోపలి ఒత్తిడికి రాయి నలిగినప్పుడు లోపలి ఖనిజాలన్నీ ఒకే వాటంలో సర్దుకుంటాయి, రాయి ఆ వాటంగా చీలుతుంది. జోల్న్‌హోఫెన్ రాయి అలా కాదు. కదలిక లేని ఉప్పు మడుగుల అడుగున, ప్రాణవాయువు లేనిచోట సున్నపు బురద పొర మీద పొరగా పరుచుకుంది. చచ్చి అడుగుకు చేరిన దాన్ని తినడానికి అక్కడ ఏదీ బతకలేదు. అందుకే పొర విడదీస్తే ఆనాటి మడుగు అడుగే కనిపిస్తుంది. తెల్లారి ఇదంతా చెబితే నాన్న విని, "అయితే తప్పు నాది కాదన్నమాట" అన్నాడు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో ఏమైనా ఉంటాయా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఉండవు. అది కరిగిన శిలాద్రవం గడ్డకట్టిన రాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్లడం తేలికైనది మెసెల్ గొయ్యి. డార్మ్‌స్టాట్ దగ్గర పాత గని, వయసు సుమారు 4.8 కోట్ల ఏళ్లు. గని మూతపడ్డాక దాన్ని చెత్త డంపింగ్ యార్డు చేయాలని చూశారు. పెద్ద పోరాటం జరిగి ఆగింది. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ దొరికిన శిలాజ పురుగుల రెక్కల మీది నీలం, ఆకుపచ్చ మెరుపులు ఇంకా పోలేదు. కుక్కంత గుర్రాలు, జతకట్టిన స్థితిలోనే చనిపోయిన తాబేళ్ల జంటలు కూడా దొరికాయి. కానీ మీరు ఒక్కరే గొయ్యిలోకి దిగలేరు, గైడు ఉండాల్సిందే. రాయి నిండా నీరే కాబట్టి గాలి తగిలితే ఎండి పొడి పొడి అవుతుందట. దొరికిన వాటిని తడిగా ఉంచి, తర్వాత రెజిన్ అనే గట్టిపడే జిగురులోకి ఎక్కిస్తారు. పై నుంచి చూస్తే మాత్రం పొదలు మొలిచిన పెద్ద గుంట, అంతే. నాన్నకు నచ్చలేదు. సరుకంతా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని జెంకెన్‌బెర్గ్ మ్యూజియంలోనూ డార్మ్‌స్టాట్ మ్యూజియంలోనూ ఉంది, ముందు అవి చూసి గొయ్యికి వెళ్లండి. మేం తిరగేసి చేశాం.

ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్‌కు తర్వాత ఫ్రెండ్‌తో వెళ్లాను. జురాసిక్ కోస్ట్ అనే 150 కిలోమీటర్ల తీరంలో అదొక ఊరు. మేరీ ఆనింగ్ అనే పేదింటి పిల్ల, అన్నతో కలిసి 1811-12లో ఇక్థియోసార్ అనే సముద్ర సరీసృపం అస్థిపంజరం బయటపెట్టింది ఇక్కడే. 1823లో ప్లీసియోసార్ అనే ఇంకో పొడుగు మెడ సముద్ర సరీసృపాన్ని కూడా ఆమే కనిపెట్టింది. కొండ నిరంతరం విరిగి పడుతూ ఉంటుంది, సముద్రం కడిగి శిలాజాలను ఒడ్డున పెడుతుంది. వానలు, తుపాన్లు ఉండే చలికాలమే వేటకు మంచి సమయం. రాలిపడినవి ఏరుకోవచ్చు గానీ కొండను తవ్వకూడదు, దాని కిందికి పోకూడదు. పోటు వేళలు చూసుకోకపోతే నీళ్లకూ కొండకూ మధ్య ఇరుక్కుపోతారు. మా వాడు "ఇంకో పది నిమిషాలు" అని లాగి నాకు బాగానే టెన్షన్ పెట్టాడు.

ఊరికి పడమటి వైపు, ఆటుకు నీళ్లు తగ్గినప్పుడు ఒక రాతి గచ్చు బయటపడుతుంది. దాని నిండా బండి చక్రాల్లాంటి అమ్మోనైట్లు, అంటే ఎప్పుడో అంతరించిన సముద్ర జీవుల చుట్టలు తిరిగిన గుల్లలు, జనం వాటి మీదే నడుస్తుంటారు. వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. "సాలగ్రామాలు కావట్రా అవి? చెప్పుల కాళ్లతో తొక్కుతారేంది, ముందు దిగు అక్కడి నుంచి!" అని కేకలేసింది. అమ్మ తప్పేం అనలేదు. నేపాల్‌లో కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలావాటిలో కనిపించే చక్రం అమ్మోనైట్ గుల్లే. మా అమ్మమ్మ పూజలో ఉన్నదీ అలాంటిదే. నేను చెప్పులు విప్పి నడిచాను. డిసెంబరు చలికి కాళ్లు కొంకర్లు పోయాయి.

విదేశాలకు వెళ్లే వీల్లేదంటే, మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు కారులో వెళ్లగలిగేది తిరువక్కరై. పుదుచ్చేరి దగ్గర, రాయిగా మారిన చెట్ల మొద్దులు పడి ఉన్న పార్కు. అక్కడ ముక్క కూడా తీయనివ్వరు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ ఉంది, గోదావరి లోయలో దొరికిన మన డైనోసార్. పిల్లలుంటే ముందు అదే చూపించండి.

ఒంగోలు వాళ్లకు చాలామందికి తెలియని మాట ఇంకోటి ఉంది. ఒంగోలు చుట్టుపక్కల ఆకు శిలాజాల పొరలున్నాయి. బూదవాడ, వేమవరం, పావులూరు అని మన ఊళ్ల పేర్లే వాటికి పెట్టారు. 1870ల్లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ తీరమంతా సర్వే చేశాడు. అవి 10 కోట్ల ఏళ్లకు పైబడిన ఆకులు, మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోతున్న కాలం నాటివి. చిన్న ఈతాకుల్లా కనిపించే టిలోఫిల్లం అనే రకం వాటిలో ముఖ్యమైనది.

తిరిగొచ్చాక నాన్నతో వేమవరం వైపు వెళ్లాను. అక్కడ బోర్డు లేదు, పార్కు లేదు, ఉన్నవి శనగ చేలే. గట్టు మీద తిరుగుతుంటే ఒక రైతు వచ్చి "పొలం కొనను వచ్చారా?" అని అడిగాడు. విషయం చెబితే ఆయనకు నవ్వొచ్చింది. బావి తవ్వినప్పుడు తెల్లటి మెత్తరాయి వచ్చిందని, ఆకులున్నాయేమో ఎవరూ చూడలేదని, కుప్ప ఇంకా చేను అవతలే ఉందని అన్నాడు. నాన్న అప్పటికే ఆ వైపు అడుగు వేశాడు. "ఇప్పుడు కాదు పెద్దాయనా, పైరు తొక్కుతారు. శనగ పీకినాక రండి" అన్నాడు రైతు. ఉలి, సుత్తి కారు డిక్కీలోనే ఉన్నాయి. నాన్న వాటిని దించనివ్వడం లేదు.