దుఃఖంలో ఉన్నవాళ్లు ఆరాధనలో సంతోషం నటించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. చర్చికి వెళ్తే చప్పట్లు, డప్పులు, గట్టిగా పాటలు, “నవ్వండి, సంతోషించండి” అని మైకులో మాటలు. లోపల ఏడుపు పెట్టుకుని పైకి చప్పట్లు కొట్టడం దేవుడి ముందు నటన కాదా, అసలు ఆరాధనకు ఇంత సంబరం అవసరమా అని అడిగారు.

నటించకండి. ముందు ఆ మాట చెప్పాలనిపించింది. అలాగని ఆ సంబరానికి దూరమైపోవద్దని కూడా అంతే గట్టిగా చెబుతాను. మాది మెదక్ వైపు ఒక పల్లెలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. చిన్నప్పటి నుంచి క్వయర్‌లో పాడుతున్నాను కాబట్టి ఈ రెండూ ఒకే చోట ఎలా ఇముడుతాయో దగ్గర నుంచి చూశాను.

బైబిల్లో మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉండేది ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేములో కూలిపోయిన మందిరానికి మళ్లీ పునాది వేస్తారు. యాజకులు బూరలు ఊదుతుంటే, మందిర సేవ చేసే లేవీయులు తాళాలు వాయిస్తుంటే జనమంతా కేకలు వేసి దేవుణ్ణి స్తుతిస్తారు. అయితే మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఆ పునాదిని చూసి గట్టిగా ఏడుస్తారు. ఏది సంతోషపు కేకో, ఏది ఏడుపో జనం పోల్చుకోలేకపోయారని, ఆ శబ్దం చాలా దూరం వినబడిందని అక్కడ రాసి ఉంది. ఆ ముసలివాళ్లను ఊరుకోమన్నట్టు ఒక్క మాట లేదు. వాళ్ల కోసం పాట ఆపినట్టూ లేదు. రెండూ కలిసే పైకి వెళ్లాయి.

మరి నెహెమ్యా 8లో “దుఃఖపడకండి” అన్నారు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అక్కడ జనం ఏడ్చింది ధర్మశాస్త్రం విని, తమ తప్పులు తెలిసి. ఇంట్లో మనిషి పోయి కాదు. పైగా అదే వచనంలో, ఏమీ సిద్ధం చేసుకోలేని వాళ్లకు వంతులు పంపించమని కూడా ఉంది. సంతోషించమన్న నోటితోనే, లేనివాడి ఇంటికి తిండి పంపమన్నారు. ఈ రెండో సగాన్ని మనం తక్కువగా చదువుతాం.

ఇక మా ఊరి సంగతి. మా దగ్గర ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. ఆ రోజు డప్పు ముట్టరు. శనివారం ఇంటింటి వాళ్లు వెళ్లి తమ వాళ్ల సమాధులు శుభ్రం చేసి సున్నం వేస్తారు. ఈస్టర్ ఆదివారం ఇంకా చీకటి ఉండగానే పూలు, కొవ్వొత్తులు పట్టుకుని అందరూ సమాధుల దగ్గరికి చేరతారు. సంవత్సరం మొత్తంలో అతి పెద్ద సంతోషపు పాట మేం పాడేది అక్కడే, మా వాళ్లను పూడ్చిపెట్టిన మట్టి మీద నిలబడి. ఒకామె కొడుకు సమాధి మీద తల ఆనించి ఏడుస్తుంటుంది. ఆమెకు రెండడుగుల దూరంలో పిల్లలు “క్రీస్తు లేచెను” అని అరుస్తుంటారు. ఆమెను చూసి పిల్లలను ఆపరు, పిల్లలను చూసి ఆమెను లేపరు.

నాన్న పోయాక వచ్చిన మొదటి ఈస్టర్‌కు నేనూ క్వయర్‌తోనే అక్కడ నిలబడ్డాను. కీర్తన ఎత్తుకున్నారు. నాకు గొంతు పెగల్లేదు. పుస్తకం తెరిచి పట్టుకున్నాను, అంతే. పక్కనున్న అక్కలు పాడుతూనే ఉన్నారు. నా వైపు జాలిగా తిరిగి చూడలేదు, పాడమని మోచేత్తో పొడవలేదు. ఒకావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని పాడింది. నేను నమ్మిన మాటే వాళ్ల నోట వింటూ ఉండిపోయాను. ఆ రోజు నేను నటించలేదు, ఆరాధన మానలేదు. తర్వాతి ఏడు నా గొంతు బాగానే పలికింది. అప్పుడు పాడలేక నిలబడింది నా చెయ్యి పట్టుకున్న ఆవిడే. వాళ్లాయన పోయి ఎక్కువ రోజులు కాలేదు. ఈసారి చెయ్యి నేను పట్టుకున్నాను. సంఘంగా ఆరాధించడం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: అందరికీ ఒకే రోజు గొంతు పోదు.

సంబరం అవసరమా అన్న మీ రెండో మాటకు వస్తాను. డప్పు గురించి మీరు కాస్త చిరాగ్గా రాశారు. ఇప్పుడు మీరున్న స్థితిలో అది సహజమే. కానీ మా పెద్దలకు ఆ డప్పు ఏమిటో ఒకసారి వినండి. మన ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు క్రైస్తవంలోకి వచ్చినప్పుడు ఎక్కువ మంది మాల, మాదిగ పల్లెల వాళ్లు. డప్పు కొట్టే చేతులను ఊరు చావుకు, చాటింపుకు పిలిచేది, గుడి మెట్టు మాత్రం ఎక్కనిచ్చేది కాదు. అదే డప్పు ఇప్పుడు క్రిస్మస్ రోజున బలిపీఠం ముందు మోగుతుంది. చర్చిలో డప్పేమిటి, గౌరవంగా ఉండదు అన్నవాళ్లు మాలోనూ ఉన్నారు. దేవుడి మందసం (పవిత్రమైన పెట్టె) ముందు దావీదు రాజు నాట్యం చేస్తుంటే కిటికీలోంచి చూసి ఆయన భార్య మీకాలు కూడా అదే అంది. నేనైతే డప్పు పక్షమే. దూరంగా నిలబెట్టిన మనిషిని దేవుడు లోపలికి పిలిస్తే అతను తన వాయిద్యం బయట పెట్టి రావాలా?

ఇది ఇవాళ పుట్టిన పద్ధతి కూడా కాదు. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి మన రాగాల్లో, తాళాల్లో కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, ఇక్కడి సంగీతం, ఇక్కడి పండుగల తీరు ఆరాధనలోకి రావాలని ప్రోత్సహించారు.

మా కోత పండుగ చూస్తే సంబరం ఎందుకో ఇంకా బాగా తెలుస్తుంది. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు, ఎవరికి ఉన్నది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఒక ముసలమ్మ తెచ్చిన రెండు గుడ్లను ఒకాయన పాడి, డబ్బు కట్టి, మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. ఇంకొకరు పాడతారు, వాళ్లూ తిరిగి ఇస్తారు. చివరికి ఆ గుడ్లకు మేకపిల్లకు మించిన ధర వస్తుంది, ఆ ముసలమ్మ నోరు తెరిచి నవ్వుతుంది. తర్వాత అందరూ కలిసి ప్రేమ విందుకు కూర్చుంటారు. ద్వితీయోపదేశకాండం 16లో పండుగ చెయ్యమన్నప్పుడు కొడుకు, కూతురు, దాసుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు అని పేరుపేరునా చెప్పింది ఇందుకేనని నాకనిపిస్తుంది. మెదక్ చర్చి కూడా అలాంటిదే. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర దాన్ని కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. ఇప్పుడు క్రిస్మస్‌కు తెల్లవారుజామునే మొదలయ్యే ఆరాధనకు ఎక్కడెక్కడి నుంచో, అన్ని మతాల వాళ్లూ వస్తారు.

మైకులో “నవ్వండి” అని ఆజ్ఞాపించడం మాత్రం నాకూ నచ్చదు. స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా పెడితే పక్కవాడి గొంతు వినబడదు, పక్కవాడి గొంతు వినబడకపోతే నేను పైన చెప్పిన ఓదార్పే దొరకదు. “ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి” అని రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు, దుఃఖం ఎరగక రాసిన మాట కాదది. “ఏడ్చువారితో ఏడువుడి” అని రోమా సంఘానికి రాసింది కూడా ఆయనే. కీర్తనల గ్రంథంలో మొరలు ఎన్నో ఉన్నాయి, 88వ కీర్తన అయితే చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అదీ ఆరాధనలో పాడుకున్నదే. కాబట్టి పాస్టర్ అయ్యగారిని కలిసి చెప్పండి, మొహమాటపడకండి: సౌండ్ కొంచెం తగ్గించమని, పాటల్లో ఒక్కటైనా మొర లాంటి కీర్తన ఉంచమని. మీ ఒక్కరి కోసమే అనుకోకండి, మీలాంటి వాళ్లు ఆ బెంచీల మీద ఇంకా ఉంటారు.

ఆదివారం ముందు వరుసలో కాకుండా మీకు బాగా తెలిసిన వాళ్ల పక్కన కూర్చోండి. చేతులు లేవకపోతే ఊరుకోండి. ఏడుపొస్తే లేచి బయటికి పోకండి.

క్రిస్మస్ గురించి కూడా టెన్షన్ పడుతున్నట్టు రాశారు. నాన్న పోయిన ఏడు మేం ఇంటికి స్టార్ కట్టలేదు, కొత్త బట్టలు కొనలేదు. ఇంటింటికీ వచ్చి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్లు ముందే మనిషిని పంపి “రావచ్చా, వద్దా?” అని అడిగారు. అమ్మ రమ్మంది. మా సందు మొదట్లోనే డప్పు ఆపేసి వచ్చారు, ఒక నెమ్మది కీర్తన పాడారు, ప్రార్థన చేశారు. అమ్మ ఏడుస్తూనే అందరికీ టీ పోసింది. తర్వాత తనే అంది, “పక్కింటి ముందు మాత్రం డప్పు గట్టిగా కొట్టండి, ఆ పిల్లకు ఇది మొదటి క్రిస్మస్” అని. పక్కింట్లో అప్పుడు పసిపాప ఉంది. వాళ్లు కొట్టారు, అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మీ సంఘంలో డిసెంబర్‌లో కేరల్స్‌కు ఇళ్ల లిస్టు రాసేటప్పుడు మీ ఇంటి పేరు తీయించకండి. ఏ పాట పాడాలో మాత్రం మీరే చెప్పండి, అమ్మగారికి ఇష్టమైనది ఉంటే అది.