పనిముట్టు కనపడాలి

కడప

నాయనా,

ఆల్బర్టస్ అనే ఇంగ్లీషు అచ్చక్షరాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడిచింది. కానీ మొదటి పేజీ దాటేసరికి చిరాకొచ్చింది. రాజసం, గాంభీర్యం, హుందాతనం అంటూ పోయావే గానీ, ఆ అక్షరం అట్లా ఎందుకుందో ఒక్కచోటా చెప్పలేదు. ఏ పత్రికకు పంపాలని కూడా అడిగావు. ముందు పనిముట్టు కనపడనీ.

ఆ అక్షరాలు గీసిన బెర్తోల్డ్ వోల్ప్ జర్మనీలో లోహపు పని నేర్చినవాడు. కంచు పలక మీద పేరు చెక్కేటప్పుడు అక్షరాన్ని తవ్వలేదు, చుట్టూ ఉన్న కంచునే తొలిచేశాడు. అక్షరం ఉబ్బెత్తుగా మిగిలింది. బయటినుంచి కోసుకొస్తే అంచులు పదునుగా వస్తాయి. సన్నటి సెరిఫ్ తోకలుండవు, గీత కొస దగ్గర కాస్త వెడల్పయి ఆగుతుంది. ఆ పని చూసే 1932లో, అచ్చక్షరాలు తయారుచేసే మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మారిసన్ అచ్చక్షరాలు చేయమన్నాడు. అవే ఆల్బర్టస్. పెద్దక్షరం ‘ఎం’ చూడు, నడిమి గీతలు కిందిదాకా దిగవు. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

తర్వాత వోల్ప్ 1941 నుంచి 1975 దాకా లండన్ ప్రచురణ సంస్థ ఫేబర్‌కు పుస్తకాల అట్టలు వేశాడు. లండన్‌లో ‘సిటీ’ అనే పాత పేట వీధుల బోర్డుల మీదా ఈ అక్షరాలే. అట్టకూ బోర్డుకూ బాగుంటాయి. పేజీల కొద్దీ చదవాలంటే కళ్ళు అలిసిపోతాయి. ‘దేనికైనా వాడొచ్చు’ అన్న మాట కొట్టేయ్.

కుర్రతనంలో నేను ఇక్కడే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కంపోజిటరు పక్కన కూర్చుని సీసపు అక్షరాలను తిరగేసి చదవడం నేర్చుకున్నా. ఆ పని గురించి వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపితే, ఎడిటరు గారు అక్షరాలు పేర్చే స్టిక్కు, అవి ఉంచే కేసు, సీసం ఉన్న పేరాలన్నీ కోసేసి, అక్షరం దైవస్వరూపమన్న ముక్క ఒకటే వేశారు. ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇక డీటీపీ వచ్చాక పెళ్ళి పత్రికకూ కవితా సంపుటికీ ఒకటే ఫాంటు, దానికో నీడ, ఓ అంచు. అడిగేవాళ్ళే లేరు.

చివరి పేజీలో మాత్రం ఆగిపోయాను. మీ నాన్న ప్రొద్దుటూరులో బట్టల షాపులకు బోర్డులు రాసేవాడని ఒక్క ముక్క అని, వెంటనే మళ్ళీ లండన్ పోయావు. ఇదేం అన్యాయం! చదును బ్రష్షుతో గీత లాగి, చివర కాస్త నొక్కి ఎత్తితే కొస విచ్చుకుంటుంది. తలకట్టు చివర అదే జరుగుతుంది. అక్కడ కంచును కోస్తే వచ్చిన కొస, ఇక్కడ రంగును నొక్కితే వచ్చిన కొస. మన జిల్లాలోనే క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం ఉంది, అది రాతిలోకి తవ్వింది. ఈ మూడింటి తేడా రాయి.

ఏ సైజు బ్రష్షు, రంగులో టర్పెంటైన్ ఎంత, గీతలు సుద్దదారంతో కొట్టేవాడా, స్కేలు పెట్టా? అన్నీ మీ నాన్నను అడిగి రాసుకో. లండన్‌కు ఒక పేరా చాలు. తిరగరాశాక ముందు నాకే పంపు, ఏ ఎడిటరుకూ చూపించొద్దు.