ఒక కంటి చూపుతో దూరం తెలిసేదెలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాను. నిరుడు రాతి ముక్క తగిలి ఎడమ కన్ను చీలింది, చూపు పోయింది. గ్లాసులో నీళ్లు పోస్తే బయట పడుతున్నాయి. తల అటూ ఇటూ జరిపి చూస్తే కాస్త అంచనా దొరుకుతోంది. ఇంట్లోవాళ్లు నరాల జబ్బేమోనని భయపడుతున్నారు. బండి నడపవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: తల అలా జరిపి చూడటం జబ్బు కాదు. మిగిలిన కంటితో దూరాన్ని పట్టుకోవడానికి మీ మెదడు వెతుక్కున్న దారి. దయచేసి మానుకోవద్దు.

రెండు కళ్ల మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉండటంతో ఒకే వస్తువు రెండింటికీ కొద్ది తేడాతో కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి మెదడు లోతును లెక్కగడుతుంది. చేతికందే దూరంలో ఈ లెక్క బాగా పదునుగా ఉంటుంది. అందుకే గ్లాసు దగ్గర మీకంత ఇబ్బంది. తల పక్కకు జరిపితే ఆ ఒక్క కన్నే వేర్వేరు చోట్ల నుంచి చూస్తుంది. ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లే రైల్లో గమనించే ఉంటారు: పట్టాల పక్క స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి, పొలాల్లోని తాటిచెట్లు నిదానంగా జరుగుతాయి, దూరపు కొండలు మనతోనే వస్తున్నట్టుంటాయి. ఈ వేగాల తేడాయే దూరానికి కొలత.

ఇంట్లో సాధన చేయండి. బల్ల మీద రెండు గ్లాసులను ఒకదాని వెనక ఒకటి పెట్టి, ముందున్న దాని అంచునే చూస్తూ తలను మెల్లగా కుడికి జరపండి. వెనక గ్లాసు కూడా కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. ఎడం పెంచితే ఆ జరుగుడూ పెరుగుతుంది. నీళ్లు పోసేటప్పుడు మాత్రం చెంబు అంచును గ్లాసు అంచుకు ఆనించి పోయండి. కొన్ని నెలల్లో చాలావరకు అలవాటవుతుంది.

ఇక బండి సంగతి. ఇక్కడ గట్టిగా చెప్పాలి. వస్తువు కదలకుండా ఉన్నప్పుడే ఈ ఉపాయం నమ్మదగింది. అదే కదులుతుంటే దాని కదలిక, మీ కదలిక కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఎదురుగా నేరుగా వచ్చే లారీ పక్కకు జరగదు, పెద్దదవుతుందంతే. దూరంలో ఆ పెరుగుదల కంటికి ఆనదు, దగ్గరయ్యాక ఒక్కసారిగా మీద పడినట్టుంటుంది. మోటార్‌సైకిల్ చిన్నది కాబట్టి ఇంకా దూరంలోనే ఉందనిపిస్తుంది. గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే మీ రోడ్డు మీద ఇప్పుడే బండి తీయవద్దు. కంటి వైద్యుడు పరీక్షించి సరేనన్నాక, రవాణా శాఖ నిబంధనలు కనుక్కున్నాకే ఆ ఆలోచన చేయండి. రోడ్డు దాటేటప్పుడు ఎడమవైపుకు తల పూర్తిగా తిప్పి చూడండి.

పనిలో పాలికార్బొనేట్ రక్షణ కళ్లద్దాలు లేకుండా రాయి ముట్టుకోవద్దు. మీకున్నది ఒక్క కన్నే. కన్ను చీలిన గాయాల తర్వాత అరుదుగా, ఏళ్లు గడిచాక కూడా, బాగున్న కంటికి వాపు వస్తుంది. కుడి కన్ను ఎర్రబడినా, మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.